తవుడు పశువులకు, తెల్లబియ్యం మనకు: షుగర్, గుండెజబ్బుల్లో పేగు బ్యాక్టీరియా పాత్ర ఎంత?

క్లుప్తంగా

పెద్దపేగులోని బ్యాక్టీరియా మనకు అరగని పీచును పులియబెట్టి ఇన్సులిన్ పనితీరుకు, పేగు గోడకు పనికొచ్చే ఆమ్లాలను తయారుచేస్తాయి. మాంసంలోని కొన్ని పదార్థాల నుంచి రక్తనాళాలకు చేటు చేస్తాయని అనుమానిస్తున్న రసాయనాలకూ అవే మూలం. ఎలుకల్లో ఈ సంబంధం గట్టిగా రుజువైంది. మనుషుల్లో దారి కనిపించింది కానీ దాని వాటా ఎంతో ఇంకా తేలలేదు. దక్షిణ తెలంగాణకు సంబంధించినంతవరకు జొన్న నుంచి పాలిష్ బియ్యానికి మారిన కంచమే ఇందులో ముఖ్యమైన మలుపు. ఆన్‌లైన్‌లో అమ్మే మలపరీక్ష కిట్లు, క్యాప్సూళ్లు ఆ మలుపును సరిచేయవు.

ఫ్లోరైడ్ లెక్క ఇక్కడ కుదరదు

"మీ షుగర్‌కు అసలు కారణం పేగుల్లోనే ఉంది" అనే వీడియోలు ఇప్పుడు తెలుగులో కుప్పలుగా వస్తున్నాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ మెడికల్ షాపుల కౌంటర్ల మీద బీపీ గోలీల పక్కనే ప్రోబయాటిక్, అంటే మేలు చేసే బ్యాక్టీరియా అని అమ్మే డబ్బాలు చేరాయి. ఇంకోవైపు, ఇదంతా కొత్త వ్యాపారమని కొట్టిపారేసే వాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండటమే చిక్కు.

నల్గొండ వాళ్లకు రోగం, కారణం అంటే వెంటనే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఒక మూలకం ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు గీసింది. నీళ్లు పరీక్షిస్తే అంకె తెలుస్తుంది, నీళ్లు మారిస్తే కొత్తగా వచ్చే జబ్బు ఆగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే ఉంది. ఒక విషం, ఒక పరీక్ష, ఒక విరుగుడు.

పేగు బ్యాక్టీరియా కథను కూడా ఇదే అచ్చులో పోసి చెప్పడం వల్లే గందరగోళం పుడుతోంది. 'చెడ్డ బ్యాక్టీరియా' అనే ఒక విషం లేదు, దాన్ని వడగట్టే ఫిల్టరూ లేదు. ఒకే జీవి ఒకరి కంచానికి మేలు చేయొచ్చు, మరొకరి కంచానికి ఏమీ చేయకపోవచ్చు. బ్యాక్టీరియా ఇక్కడ మధ్యలో ఉండే పనివాళ్లు. పైనుంచి ఏ సరుకు దిగిందన్నదాన్ని బట్టి కిందకు ఏం పోతుందో తేలుతుంది.

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన ఒక జాగ్రత్తైన అంచనా. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. "మన కణాల కన్నా పది రెట్లు" అని ఇప్పటికీ తిరుగుతున్న మాట పాతది, తప్పుది. ఈ బ్యాక్టీరియా అన్నీ కలిపి తూకం వేస్తే 200 గ్రాములు. దాదాపు అన్నీ ఉండేది పెద్దపేగులోనే.

కోడి పిల్లల నుంచి ఎలుకల దాకా

పేగు జీవులకు, ఒంటి బరువుకు లంకె ఉందన్న తొలి ఆనవాలు దవాఖానల్లో దొరకలేదు, కోళ్ల షెడ్లలో దొరికింది. దాణాలో కొద్ది మోతాదు యాంటీబయాటిక్ కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతాయని 1950 ప్రాంతంలో అమెరికాలో గమనించారు. ఆ తర్వాత అది ప్రపంచమంతా వ్యాపారమైంది. షాద్‌నగర్ వైపు కోళ్ల ఫారాలు నడిపేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. మనుషులకు చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే మందును దాణాలో కలపడాన్ని మన దేశం 2019లో నిషేధించింది. మందు వల్ల కోడి పేగులోని జీవులు మారుతున్నాయి, కోడి బరువు మారుతోంది. ఆ రెంటి మధ్య ఏం జరుగుతోందని అప్పట్లో పెద్దగా ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న వేసింది అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని జెఫ్రీ గోర్డన్ బృందం. పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలతో మామూలు ఎలుకలను పోల్చి చూశారు. మామూలు ఎలుకలు తక్కువ తింటున్నా వాటి ఒంట్లో కొవ్వు 42 శాతం ఎక్కువగా ఉంది. శుభ్రమైన ఎలుకలకు మామూలు వాటి పేగు బ్యాక్టీరియాను ఎక్కిస్తే రెండు వారాల్లో కొవ్వు 60 శాతం పెరిగింది, ఇన్సులిన్ పట్టు సడలింది. ఇది 2004 నాటి మాట. 2006లో లావు ఎలుకల బ్యాక్టీరియాను ఎక్కించి చూస్తే, సన్న ఎలుకల బ్యాక్టీరియా ఎక్కినవాటి కన్నా కొవ్వు ఎక్కువ పట్టింది.

2013లో అదే బృందం చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న జంటలను ఎంచుకుని వాళ్ల మలాన్ని ఎలుకలకు ఎక్కించారు. లావు మనిషి బ్యాక్టీరియా ఎక్కిన ఎలుక లావెక్కింది. తర్వాత రెండు రకాల ఎలుకలనూ ఒకే పంజరంలో ఉంచారు. ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి కాబట్టి సన్న ఎలుక బ్యాక్టీరియా రెండోదానిలోకి చేరి, అది లావెక్కడం ఆగింది. అయితే ఇది పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న దాణా పెట్టినప్పుడే జరిగింది. కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ ఉన్న దాణా పెడితే మంచి బ్యాక్టీరియా లోపలికి వెళ్లినా నిలదొక్కుకోలేదు. క్యాప్సూల్ ప్రకటనల్లో ఈ రెండో సగం కనిపించదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఫలితాలు పలచబడ్డాయి. 2012లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు షుగర్ అంచున ఉన్న లావు మగవాళ్లకు సన్నని దాతల మలాన్ని శుద్ధి చేసి పేగులోకి ఎక్కించారు. ఆరు వారాలకు ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. తర్వాత ఇంకా ఎక్కువ మంది మీద చేసి చూస్తే పద్దెనిమిదో వారానికి ఆ మేలు కరిగిపోయింది. బరువైతే ఏ దశలోనూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

మిల్లులో వదిలేసిందే పేగుకు కావాలి

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో ధాన్యం ముందుగా జల్లెడ పడుతుంది, ఆ తర్వాత రబ్బరు రోలర్ల మధ్యకు వెళ్తుంది. అక్కడ ఊక ఊడిపోయి లేత గోధుమరంగు బియ్యం బయటపడుతుంది. అది నేరుగా సంచిలోకి రాదు, పాలిషర్‌లోకి వెళ్తుంది. గింజ తెల్లబడుతున్నకొద్దీ ఇంకో గొట్టం గుండా తవుడు రాలి సంచి నిండుతుంది. అప్పుడే దిగిన తవుడులో చెయ్యి పెడితే గోరువెచ్చగా, కాస్త జిడ్డుగా తగులుతుంది. ఆ తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలకు, అక్కడి నుంచి పశువుల దాణాకు పోతుంది. ప్రభుత్వ లెక్క ప్రకారం క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం ఇవ్వాలి. మిగిలిన దాంట్లో ఊక, తవుడు, తరుగు.

పేగు వైపు నుంచి చూస్తే ఆ తవుడు సంచిలో ఉన్నది వృథా కాదు, బ్యాక్టీరియా కూడు. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం చిన్నపేగులోనే చక్కెరగా విడిపోయి రక్తంలోకి చేరుతుంది. పెద్దపేగు దాకా వెళ్లేది మన ఒంట్లోని ఎంజైములకు లొంగని పీచే. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. దోసెపిండి రాత్రంతా పులిసినట్టే ఇదీ, కాకపోతే గాలి ఆడని చోట జరుగుతుంది. పులిసినప్పుడు వెలువడేవాటిలో మూడు చిన్న ఆమ్లాలు ముఖ్యం. అవి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్.

ఈ మూడూ చేసే పనులు వేర్వేరు. బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఆహారం, ఆ కణాలు రక్తం నుంచి వచ్చే చక్కెర కన్నా దీన్నే ఎక్కువ వాడుకుంటాయి. ప్రొపియొనేట్ ఎక్కువగా కాలేయానికి చేరుతుంది. ఎసిటేట్ రక్తంలో కలిసి దూరంగా ఉన్న కండరాల దాకా వెళ్తుంది. ఇవి పేగు గోడలోని ప్రత్యేక కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. కడుపు నిండిందని మెదడుకు చెప్పేది, ఇన్సులిన్‌ను పెంచేది ఆ హార్మోనే. ఇప్పుడు నెలకు వేల రూపాయలు పోసి కొంటున్న కొత్త షుగర్, బరువు ఇంజెక్షన్లు ఈ హార్మోన్‌ను అనుకరించేవే. ఇంజెక్షన్ బలం ఎంతో ఎక్కువ, పీచుతో వచ్చేది చిన్న మోతాదు. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకూడదు.

పీచు అందకపోతే బ్యాక్టీరియా ఊరుకోవు. కొన్ని రకాలు పేగు గోడ మీద ఉండే జిగురు పొరను తినడం మొదలుపెడతాయి. పొర పలచబడితే బ్యాక్టీరియా పైపెంకులోని లిపోపాలీశాకరైడ్ అనే పదార్థపు ముక్కలు రక్తంలోకి జారతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసి దాడి జరుగుతోందనుకుంటుంది. జ్వరం రాదు, నొప్పి ఉండదు, కానీ సన్నని సెగ లాంటి వాపు ఒళ్లంతా రగులుతూనే ఉంటుంది. ఆ సెగలో ఇన్సులిన్ మాట కణాలు వినడం తగ్గుతుంది. 2007లో బెల్జియం, ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకలకు కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టి ఈ దారిని చూపించారు. మనుషుల్లోనూ దాని ఆనవాళ్లు ఉన్నాయి.

ఇక కంచం లెక్క. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. దంపుడు లాంటి పాలిష్ చేయని బియ్యంలో నాలుగున్నర. జొన్నలో 10, సజ్జలో 11కు పైన, తైదల్లో 11. గుండు కందుల్లో దాదాపు 23 గ్రాములుంటే, పొట్టు తీసిన కందిపప్పులో 9. రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజుకు 30 గ్రాముల పీచు కావాలని అదే సంస్థ సిఫారసు.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం కింద రేషన్ కార్డులో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు అందుతున్నాయి. అంటే రోజుకు 200 గ్రాములు. ఆ బియ్యం నుంచి వచ్చే పీచు ఐదున్నర గ్రాములు. అదే 200 గ్రాములు జొన్నపిండి అయితే 20 గ్రాములు. సన్నబియ్యమా దొడ్డు బియ్యమా అన్నది బ్యాక్టీరియాకు పెద్ద తేడా కాదు, ఎంత పాలిష్ పట్టారన్నదే తేడా.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి మాగాణాలయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అప్పటిదాకా పండుగకో చుట్టాలొస్తేనో వండే తెల్లన్నం, జొన్న గటక తినే ఇళ్లలోనూ రోజువారీ తిండైంది. ఆకలి తీరింది. అది చిన్న మేలు కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం కడుపు నిండినవాళ్ల వేషమే అవుతుంది. అయితే అప్పటిదాకా పెద్దపేగుకు అందుతున్న కూడు మాత్రం మూడో వంతుకు పడిపోయింది. పాలమూరులో నీళ్లు రాకపోయినా పత్తి వచ్చి జొన్న చేలను మింగింది. ఫలితం ఒకటే.

దేశం మొత్తం లెక్క చూస్తే ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో 10.1 కోట్ల మందికి షుగర్, మరో 13.6 కోట్ల మందికి అంచు షుగర్ ఉన్నట్టు అంచనా వేసింది. అదే సర్వే 2025 నివేదికలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. గింజధాన్యాల వాటా 45 శాతం మించకూడదన్నది జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచన. ఇందులో బ్యాక్టీరియా వాటా ఎంత, నేరుగా రక్తంలోకి దూకే చక్కెర వాటా ఎంత, తగ్గిన ఒంటిశ్రమ వాటా ఎంత అని విడదీయడం కుదరదు. మూడూ ఒకే కంచంలోంచి, ఒకే దినచర్యలోంచి వస్తున్నాయి.

ఆదివారం మటన్, గుండె దారి

గుండె విషయంలో కథ పీచుతో మొదలవలేదు, మాంసంతో మొదలైంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో స్టాన్లీ హేజెన్ బృందం 2011 నుంచి వరుసగా ఒక దారిని బయటపెట్టింది. గుడ్డు సొన, కార్జంలో కోలిన్ ఉంటుంది. మేక, గొర్రె, పశువుల మాంసంలో కార్నిటిన్ ఉంటుంది. పేగు బ్యాక్టీరియా ఈ రెంటినీ కొరికి ట్రైమిథైలమిన్ అనే వాయువును వదులుతాయి. కుళ్లిన చేప వాసనకు కారణం అదే. కాలేయం దానికి ఆక్సిజన్ జోడించి టీఎంఏఓ అనే పదార్థంగా మారుస్తుంది. రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడానికి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు త్వరగా అతుక్కోవడానికి ఇది తోడ్పడుతుందని ఎలుకల్లో చూపించారు.

బ్యాక్టీరియా పాత్రను తేల్చిన ప్రయోగం సూటిగా ఉంది. మాంసం తినేవాళ్లకు మాంసం పెడితే రక్తంలో టీఎంఏఓ పెరిగింది. కొన్ని రోజులు యాంటీబయాటిక్‌లు ఇచ్చి మళ్లీ పెడితే పెరగలేదు. ఏళ్ల తరబడి శాకాహారిగా ఉన్న మనిషికి మాంసం ముక్క పెట్టినా దాదాపు పుట్టలేదు, ఎందుకంటే ఆ పని చేసే జీవులు అతని పేగులో బలపడలేదు. 2013లో 4,007 మంది గుండె రోగులను మూడేళ్లు గమనించినప్పుడు టీఎంఏఓ అత్యధికంగా ఉన్న పావు భాగంలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు అత్యల్పంగా ఉన్న పావు భాగం కన్నా రెండున్నర రెట్లు కనిపించింది. వయసు, బీపీ, కిడ్నీ వంటివి లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా తగ్గింది కానీ పోలేదు.

ఇక్కడే చేప అడ్డం వస్తుంది. సముద్రపు చేపల్లో టీఎంఏఓ నేరుగానే ఉంటుంది, బ్యాక్టీరియాతో పనే లేదు. తిన్న కొద్ది గంటలకే రక్తంలో అది బాగా పెరుగుతుంది. మరి చేపలు తినేవాళ్ల గుండెకు మేలని ఎన్నో పరిశీలనలు చెబుతున్నాయి. సాగర్, డిండి నీళ్లలో పెరిగే రవ్వ, బొచ్చె లాంటి మంచినీటి చేపల్లో ఈ పదార్థం చాలా తక్కువ, కాబట్టి ఈ చిక్కు మనకన్నా కోస్తావాళ్లకే ఎక్కువ. రెండో చిక్కు కిడ్నీ. టీఎంఏఓను బయటికి పంపేది కిడ్నీలే. కిడ్నీలు మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లకు గుండెజబ్బు ఎలాగూ ఎక్కువే. అప్పుడు టీఎంఏఓ నేరం చేసినదా, నేరస్థలంలో దొరికినదా? పుట్టుకతో వచ్చే జన్యువుల తేడాలను ఆధారం చేసుకుని కారణాన్ని వెతికే పద్ధతిలో 2019లో చూసినప్పుడు, అది గుండెజబ్బుకు కారణమన్న వాదనకు మద్దతు దొరకలేదు.

కాబట్టి ఆదివారం మటన్ కూరను ఈ ఒక్క లెక్కతో నిందితుడిగా నిలబెట్టడం తొందరపాటు. రోజూ ఎర్రమాంసం పెట్టి చూసిన పరిశీలనలో నెల తిరిగేసరికి టీఎంఏఓ సుమారు మూడు రెట్లయింది, ఆపేస్తే మరో నెలలో దిగివచ్చింది. వారానికి ఒకపూట తినే ఇంటికి, రోజూ తినే ఇంటికి తేడా ఉంది. మటన్ మీద తేలే కొవ్వు, పక్కన పెట్టుకునే ఉప్పు ఇంకా పాత నిందితులు, వాటి మీద సాక్ష్యమూ గట్టిదే.

టీఎంఏఓ ఒక్కటే కాదు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే ఇమిడజోల్ ప్రొపియొనేట్ ఇన్సులిన్ పనిని చెడగొడుతుందని 2018లో తేలింది. 2025లో దాన్ని రక్తనాళాల పూడికతోనూ జోడించారు. మాంసకృత్తుల నుంచే పుట్టే ఇంకో పదార్థం ప్లేట్‌లెట్ల మీద ఆడ్రినలిన్ హార్మోన్ తట్టే తలుపులనే తడుతుందని 2020లో చూపించారు. గుండెజబ్బుకు, బీపీకి వాడే బీటా బ్లాకర్ గోలీలు పనిచేసేది ఆ తలుపుల మీదే. మంచివైపూ ఒక దారి ఉంది. కొలెస్ట్రాల్‌తో తయారయ్యే పైత్యరసాన్ని బ్యాక్టీరియా మారుస్తాయి, పీచు దాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, దాంతో కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడి కొత్త పైత్యరసం తయారుచేసుకోవాల్సి వస్తుంది.

ఇదంతా దక్షిణాసియా వాళ్లకు మరీ పట్టించుకోవాల్సిన సంగతి. 2007లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణలో తొలి గుండెపోటు మన ప్రాంతంలో సగటున 53 ఏళ్లకు, మిగతా దేశాల్లో దాదాపు 59కి వస్తున్నట్టు తేలింది.

గోలీ ముందా, బ్యాక్టీరియా ముందా

షుగర్ ఉన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా వేరుగా ఉంటాయని 2012లో చైనా నుంచి, 2013లో స్వీడన్ నుంచి పెద్ద పరిశీలనలు వచ్చాయి. రెండు దేశాల్లో కనిపించిన తేడాలు మాత్రం ఒకదానితో ఒకటి సరిపోలలేదు. 2015లో ముడి కొంత విడింది. అందులో చాలా తేడాకు కారణం షుగర్ కాదు, రోగులు మింగుతున్న మెట్‌ఫార్మిన్. ఆ గోలీ తానే పేగు బ్యాక్టీరియాను మారుస్తుంది. గోలీ మొదలుపెట్టిన కొత్తలో కడుపు ఉబ్బరం, విరేచనాలు కావడానికి ఇదీ ఒక కారణమే, దాని మేలులో కొంతభాగానికీ ఇదే కారణం కావొచ్చు. పల్లె దవాఖానలో నెలనెలా తెల్ల గోలీలు తీసుకునే మనిషి మలాన్ని పరీక్షించి "మీకు షుగర్ తెచ్చిన బ్యాక్టీరియా ఇదే" అని చెబితే, దొరికింది గోలీ ఆనవాలు కావొచ్చు.

బ్యాక్టీరియా మందునూ తినేస్తాయి. గుండె బలహీనతకు వాడే డిగాక్సిన్ గోలీని ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా కొందరు రోగుల పేగుల్లో పనికిరాకుండా చేస్తుంది. అలాంటివాళ్లకు యాంటీబయాటిక్ ఇస్తే ఆ జీవి తగ్గి, అదే మోతాదు గోలీ ఒక్కసారిగా ఎక్కువై ప్రమాదం తేవొచ్చు. జలుబుకు, ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకునే అలవాటున్న చోట, గుండె గోలీలు వాడుతున్నామని ముందే చెప్పుకోవడం అవసరం.

వలస పోతే పేగూ వలస పోతుంది

అడవి కొండల్లో ఉండే మోంగ్, కరెన్ జాతుల వాళ్లు థాయ్‌లాండ్ నుంచి అమెరికాకు వలస వెళ్లినప్పుడు వాళ్ల పేగుల్లో ఏం జరిగిందో 2018లో లెక్కించారు. వెళ్లిన కొన్ని నెలల్లోనే రకరకాల జీవుల సంఖ్య తగ్గింది. ముతక తిండి తినేవాళ్లలో ఎక్కువగా ఉండే ప్రివొటెల్లా జాతి చోటును బాక్టీరాయిడిస్ జాతి ఆక్రమించింది. మొక్కల పీచును విడగొట్టే సామర్థ్యమూ తగ్గింది. అక్కడ పుట్టిన పిల్లల్లో ఇంకా తగ్గింది.

మన దేశంలో, ముఖ్యంగా ధాన్యం, పప్పు ఎక్కువగా తినేవాళ్లలో ప్రివొటెల్లాదే పైచేయి. పాలమూరు లేబర్ అన్న మాట ఎన్ని ప్రాజెక్టుల దగ్గర వినిపించిందో లెక్కలేదు. ముంబై, పుణె దాకా పోయిన కూలీలకు ఊళ్లో జొన్నరొట్టె, పుంటికూర ఉండేవి. పని దగ్గర రేకుల షెడ్డులో తెల్లన్నం, బజ్జీ, బిస్కెట్, చాయ్. దేశం దాటకుండానే ఈ తిండి మార్పు జరుగుతోంది. హైదరాబాద్‌కు చదువులకు వచ్చిన పిల్లల హాస్టల్ తిండిలోనూ ఇదే బొమ్మ.

ఊరటనిచ్చే సంగతి, మార్పు వెనక్కీ తిరుగుతుంది. 2015లో పిట్స్‌బర్గ్‌లోని నల్లజాతి అమెరికన్లకు రెండు వారాలు దక్షిణాఫ్రికా పల్లె తిండి పెట్టారు. రోజూ తినే పీచు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది. పేగులో బ్యూటిరేట్ రెండున్నర రెట్లయింది, గోడ వాపు గుర్తులు తగ్గాయి. పల్లె ఆఫ్రికన్లకు అమెరికన్ తిండి పెడితే సరిగ్గా ఎదురు జరిగింది. రెండు వారాలే పట్టింది.

సల్ల, సద్దన్నం, అంబలి, కల్లు

పాత తిండిలో అంతా ఉందనే మాట ఇక్కడ బాగా అమ్ముడుపోతుంది కాబట్టి దీన్ని కాస్త విడివిడిగా చూడాలి.

సల్లలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా బతికే ఉంటాయి. అవి పెద్దపేగులో కాపురం పెట్టవు, దారిన పోతూ పనిచేస్తాయి. సల్లచారు కాచితే అవీ చస్తాయి. అయినా పులిసిన తిండికి లాభం ఉందనడానికి సాక్ష్యం ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిని రెండుగా విడదీసి పది వారాలు ఒక గుంపుకు పెరుగు లాంటి పులిసిన ఆహారం, మరో గుంపుకు ఎక్కువ పీచు పెట్టారు. పులిసినవి తిన్నవాళ్లలో జీవుల రకాలు పెరిగాయి, రక్తంలో 19 వాపు సూచికలు తగ్గాయి. పీచు తిన్నవాళ్లలో రకాలు పెరగలేదు. పీచునే మందుగా చెప్పేవాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. పది వారాలు చాలకపోవచ్చు, లేదా పీచును తినే జీవులు ఆ పేగుల్లోంచి ఎప్పుడో పోయి ఉండొచ్చు.

జొన్నపిండిని రాత్రి నానేసి, పొద్దున కాచి, సల్ల కలిపి తాగే అంబలిలో ఈ రెండూ కలుస్తాయి. పీచు జొన్న నుంచి, జీవులు సల్ల నుంచి. సద్దన్నం సంగతి వేరు. వండిన అన్నం చల్లారితే కొంత పిండి గట్టిపడి అరగని పిండిగా మారుతుంది, అది పెద్దపేగు దాకా వెళ్తుంది. నిజమే, కానీ పెరిగేది వంద గ్రాముల అన్నానికి ఒక గ్రాము చుట్టూనే. అదే మనిషి అన్నం కొంచెం తగ్గించి పెసలో బొబ్బర్లో కలుపుకుంటే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. మేనెల ఎండల్లో బయటపెట్టిన అన్నంలో వాంతులు తెచ్చే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదమూ ఉంది. కల్లు పులిసినదే, అందులో జీవులూ ఉన్నాయి. ఆల్కహాల్ కూడా ఉంది, కాలేయానికి కొవ్వు పట్టించే పని అది మానదు. మామిడికాయ తొక్కులో పడే ఉప్పు బీపీ ఉన్నవాళ్లకు వేరే లెక్క.

కిట్లు, క్యాప్సూళ్లు

ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2015లో 800 మందికి షుగర్ కొలిచే పరికరాలు తగిలించి వేల భోజనాలను గమనించారు. అదే బ్రెడ్ ఒకరిలో షుగర్‌ను ఎగదోసింది, మరొకరిలో కదిలించనేలేదు. పేగు బ్యాక్టీరియా వివరాలు చేర్చి కంప్యూటర్ వేసిన అంచనాలు బాగానే కుదిరాయి. ఇంటికే కిట్ పంపి, మలం నమూనా తీసుకుని "మీకు పనికొచ్చే తిండి ఇదే" అని చెప్పే వ్యాపారాలకు ఇదే పునాది. అయితే ఆ అంచనాలకు ఆధారమైన లెక్కలు అక్కడి మనుషులవి, అక్కడి తిండివి. గటక, పచ్చిపులుసు, పుంటికూర పప్పు అందులో లేవు. ఒకే మనిషి నమూనాను రెండు ల్యాబ్‌లకు పంపితే రెండు రకాల జవాబులు రావడం కొత్తేమీ కాదు. షుగర్ లేదా గుండె చికిత్సలో మలపరీక్ష చేయించాలని ప్రధాన వైద్య మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు.

క్యాప్సూళ్లలో ఆశ పుట్టించింది అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా. 2004లో గుర్తించారు. 2019లో బెల్జియంలో లావుగా, ఇన్సులిన్ పట్టు సడలి ఉన్న 32 మందితో మూడు నెలల ప్రయోగం పూర్తయింది. వేడిచేసి చంపిన బ్యాక్టీరియా ఇచ్చినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, బతికున్నవి ఇచ్చినవాళ్లలో అంతగా కాదు. 'కోట్ల లైవ్ బ్యాక్టీరియా' అని డబ్బాల మీద రాసుకునేవాళ్లు ఈ సంగతి చెప్పరు. పైగా షాపులో దొరికే చాలా డబ్బాల్లో ఉండేవి పెరుగులో ఉండే తరహా జీవులే.

వీటి పక్కన ఒక తిండి ప్రయోగాన్ని పెట్టి చూడొచ్చు. 2018లో చైనాలో షుగర్ రోగులను రెండు గుంపులుగా చేసి రెంటికీ ఒకే మందు ఇచ్చి, ఒక గుంపుకు ముడి ధాన్యాలు, పప్పులతో పీచు బాగా పెంచారు. మూడు నెలలకు ఆ గుంపులో 89 శాతం మందికి మూడు నెలల సగటు షుగర్ పరీక్ష 7 లోపుకు వచ్చింది, మామూలు గుంపులో 50 శాతం మందికే. మేలు ఎక్కువగా కనిపించినవాళ్లలో ఆమ్లాలు తయారుచేసే కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా పెరిగాయి.

పాలిష్ ఎందుకు తగ్గదు

ఇంత తెలిసినప్పుడు రేషన్‌లో పాలిష్ తగ్గించిన బియ్యం ఎందుకివ్వరన్న ప్రశ్న వస్తుంది. జవాబు తవుడులోనే ఉంది. తవుడులో నూనె ఉంటుంది. ఊక ఊడగానే గింజలోని ఎంజైమ్ ఆ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. నెలలు గడిస్తే బియ్యం ముక్క వాసన వస్తుంది. గోదాముల్లో ఏడాది పైగా నిల్వ ఉండాల్సిన సరుకుకు అది కుదరదు. తెల్లబియ్యం పురుగు పట్టినా వాసన రాదు. వండటానికీ ముడిబియ్యానికి నీళ్లు, గ్యాసు, సమయం ఎక్కువ పడతాయి, పొద్దున్నే పనికి పోయే ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు.

జొన్న వైపు లెక్కా సూటిగా లేదు. 2025-26 వానాకాలానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. కాగితం మీద జొన్నే మేలు. కానీ కాలువ కింద ఎకరానికి వరి దిగుబడి ఎంతో ఎక్కువ, కొనుగోలు కేంద్రం ఊళ్లోనే ఉంటుంది, సన్నాలకు రాష్ట్రం 500 రూపాయల బోనస్ కూడా ఇస్తోంది. జొన్నకు పిట్టల కాపలా కావాలి. నారాయణపేట, మక్తల్ వైపు నల్లరేగళ్లలో కంది ఇంకా గట్టిగానే నిలబడింది, కానీ మిల్లు దాటేసరికి దాని పొట్టూ పశువులకే పోతోంది.

ఇంట్లో మార్పు తెచ్చుకునేవాళ్లకు ఒక చిన్న సంగతి. ఏళ్లుగా తెల్లన్నం తిన్న పేగుకు ఒకేసారి రెండు పూటలా జొన్నరొట్టె, గుగ్గిళ్లు పెడితే కడుపు ఉబ్బి, గ్యాసు పట్టి, వారానికే విసుగొస్తుంది. పీచును పులియబెట్టే జీవులు పెరగడానికి రెండుమూడు వారాలు పడుతుంది, కాబట్టి ఒక పూటతో మొదలుపెట్టి నీళ్లు పెంచుకుంటూ పోవడం నయం. కిడ్నీ జబ్బుతో పొటాషియం పెరిగినవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు మాత్రం పప్పులు, ముడిధాన్యాలు పెంచేముందు డాక్టర్‌ను అడగాలి. షుగర్, బీపీ గోలీలు ఈ మార్పు మొదలైందని ఆపేవి కావు. తిండి మారాక షుగర్ నిజంగా దిగితే మోతాదు తగ్గించాల్సింది డాక్టరే, లేకపోతే పొలంలో నడిమధ్యాహ్నం షుగర్ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంటుంది.